వైటల్‌లో నేను చేసే ప్రతి శబ్దం బండి హారన్‌లా ఎందుకు వస్తోంది?

వైటల్ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌లో ఆసిలేటర్ల (మూల శబ్దాన్ని పుట్టించేవి) వరకు అర్థమైంది, ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని కోసేది), ఎన్వలప్ (నోటు నొక్కినప్పటి నుంచి ఒక నాబ్‌ని దానంతటదే కదిలించేది), ఎల్ఎఫ్ఓల (నాబ్‌ని పదే పదే అటూ ఇటూ ఊపేవి) దగ్గరికొచ్చేసరికి కొన్ని నాబ్‌లు తిప్పినా ఏమీ మారడం లేదు, మారితే శబ్దం పాడవుతోంది, అంతా బండి హారన్‌లా వస్తోంది అని మీరు అన్నారు కదా. నాదీ అదే కథ. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి, రెడీమేడ్ టోన్లు తప్ప ఇంకేం తెలియదు. ల్యాప్‌టాప్‌లో వైటల్ వేసుకుని మొదట చేయబోయింది వీణ మీటులాంటి శబ్దం. రెండు రాత్రులు పోయాయి.

రెండో ఎన్వలప్‌ని ఫిల్టర్ కటాఫ్ నాబ్ (ఏ ఫ్రీక్వెన్సీ నుంచి కోయాలో చెప్పేది) మీదికి లాగి వదిలాను. అమౌంట్ (ఎన్వలప్ ఆ నాబ్‌ని ఎంత కదిలించాలో) పెంచాను. తేడా లేదు. హెడ్‌ఫోన్స్ పోయాయేమో అని కూడా అనుకున్నాను. సంగతేంటంటే, కటాఫ్ అప్పటికే పూర్తిగా పైన ఉంది. ఎన్వలప్ దాన్ని ఇంకా పైకి తోయాలని చూస్తోంది, బార్లా తెరిచిన తలుపుని తోస్తే ఏం లాభం? మీ నాబ్‌లు పనిచేయకపోవడానికి కూడా చాలావరకు ఇదే కారణమై ఉంటుంది. ఇంకొకటి, సైన్ వేవ్ పెట్టి ఫిల్టర్‌తో ఆడుకుంటున్నారేమో చూడండి. అందులో ఉన్నదే ఒక్క ఫ్రీక్వెన్సీ, తీసేయడానికి హార్మోనిక్స్ (దాని పైన మోగే ఇతర ఫ్రీక్వెన్సీలు) ఏవీ లేవు. అవి నిండుగా ఉండే సా వేవ్ పెట్టండి.

ఇప్పుడు వీణ సంగతి. తీగ మీటిన క్షణంలో శబ్దం పదునుగా ఉంటుంది. తర్వాత పై హార్మోనిక్స్ త్వరగా చచ్చిపోతాయి, కిందివి ఇంకాసేపు మోగుతాయి. అంటే వాల్యూమ్ ఒక వేగంతో తగ్గుతుంటే, పదును అంతకంటే వేగంగా తగ్గుతోంది. మన హారన్‌లో లేనిది ఇదే. మొదటి నుంచి చివరిదాకా ఒకే పదును.

దీన్ని సింథ్‌లో ఇలా చేశాను. ఫిల్టర్ 1 ఆన్ చేసి లో-పాస్ (కింది ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి పైవాటిని కోసే రకం), 24 డీబీ పెట్టాను (కటాఫ్ పైన ఒక్కో ఆక్టేవ్‌కి 24 డీబీ కోసేస్తుంది, 12 అయితే మెత్తగా కోస్తుంది). శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు మొద్దుబారేదాకా కటాఫ్ దించాను. అప్పుడు రెండో ఎన్వలప్‌ని దాని మీదికి లాగాను: అటాక్ (పైకెక్కే సమయం) సున్నా, డికే (తర్వాత తగ్గే సమయం) 400 మిల్లీసెకన్లు, సస్టైన్ సున్నా. మొదటి ఎన్వలప్ ఎలాగూ వాల్యూమ్‌దే. దానికి డికే రెండు సెకన్ల దాకా ఇచ్చి, సస్టైన్ సున్నా చేశాను. వాల్యూమ్ ముందే అయిపోతే ఫిల్టర్ ఎంత కదిలినా వినబడదు, అందుకే వాల్యూమ్ డికే ఎక్కువ. అన్నట్టు అటాక్, డికే, రిలీజ్ (నోటు వదిలాక శబ్దం ఆగేదాకా) ఈ మూడూ సమయాలు, సస్టైన్ మాత్రం సమయం కాదు, నోటు నొక్కి ఉంచినంతసేపు నిలిచే మట్టం. నేను చాలా రోజులు అదీ సెకన్లే అనుకున్నా! నోటు మొదట్లో టిక్‌మంటే వాల్యూమ్ అటాక్ 2, 3 మిల్లీసెకన్లు చేయండి.

ఆ తర్వాత వెలాసిటీని కూడా కొంచెం కటాఫ్‌కి కలిపాను. గట్టిగా నొక్కితే పదును, మెల్లగా నొక్కితే మెత్తదనం. నాకైతే అన్నిటికంటే ఎక్కువ ప్రాణం పోసింది ఇదే. పై నోట్లు మొద్దుగా ఉంటే కీ ట్రాకింగ్ (నోటు పైకెళ్లే కొద్దీ కటాఫ్‌నీ పైకి జరిపేది) పెంచండి. రెజోనెన్స్ (కటాఫ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలను ఎత్తి చూపేది) పెంచేముందు హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించండి, ఉన్నట్టుండి కీచుమంటుంది.

ఎల్ఎఫ్ఓని చివరికి ఉంచండి. పిచ్‌కి 5 హెర్ట్జ్, అమౌంట్ చాలా తక్కువ, పైగా కాస్త డిలే ఇస్తే నోటు నిలబడ్డాక వణుకు మొదలవుతుంది. కానీ దాంతో గమకం వస్తుందని ఆశపడకండి. ఎల్ఎఫ్ఓ ప్రతి నోటునీ ఒకేలా ఊపుతుంది, గమకం స్వరాన్ని బట్టి, రాగాన్ని బట్టి మారుతుంది. అది నేను పిచ్ వీల్‌తోనే వాయిస్తాను. వైటల్‌లో బెండ్ రేంజ్ (వీల్ చివరిదాకా తోస్తే స్వరం ఎంత దూరం జారుతుందో) మామూలుగా 2 సెమీటోన్లు. మాయామాళవగౌళలో రిషభం నుంచి గాంధారానికి 3 ఉంటాయి కాబట్టి వీల్ చివరిదాకా తోసినా జారు అందదు. రేంజ్‌ని 3 చేసుకుని మొదలుపెట్టండి.