గంటకు 3 లక్షల కిలో కేలరీల ఫర్నేస్, 350 కిలోవాట్ల ఫర్నేస్: రెండూ ఒకటేనా?

ప్రశ్న: నరసన్నపేట దగ్గర మా రైస్ మిల్లులో ఉప్పుడు ధాన్యం డ్రయ్యర్‌కి ఊక ఫర్నేస్ మార్చాలి. డ్రయ్యర్ పాత పేపర్లో సెకనుకు 70 కిలో కేలరీలు కావాలని ఉంది. ఒక కొటేషన్‌లో గంటకు 3,00,000 కిలో కేలరీలు అని రాశారు. రెండో దాంట్లో 350 కిలోవాట్లు, ఊక గంటకు 95 కేజీలు అని ఉంది, రేటు కూడా తక్కువ. ఏది పెద్దది?

అంకెల్లో రెండూ సమానమే. కానీ రెండోది మీ డ్రయ్యర్‌కి చాలదు. ఆ సంగతి మీరు రాసిన 95 కేజీల దగ్గరే తెలిసిపోతోంది.

ముందు అన్నిటినీ గంటకు కిలో కేలరీల్లోకి తెచ్చుకోండి. ఒక కిలోవాట్ అంటే గంటకు 860 కిలో కేలరీలు. 350ని 860తో గుణిస్తే 3,01,000. ఎదురు లెక్కకి, గంటకు ఒక కిలో కేలరీ అంటే 1.163 వాట్లు, కాబట్టి లక్ష కిలో కేలరీలు 116.3 కిలోవాట్లు. మూడు లక్షలంటే 348.9. పాత పేపర్లోని 70ని 3,600తో గుణించండి: 2,52,000 కిలో కేలరీలు, అంటే 293 కిలోవాట్లు. గుణించాల్సిన చోట భాగించేవాళ్లు చాలామంది. ఒకే వేడిని సెకనుకి, నిమిషానికి, గంటకి రాస్తే గంట అంకే అన్నిటికన్నా పెద్దగా రావాలి. రాలేదంటే లెక్క తిరగబడినట్టే.

కేలరీ అంటే 4.1868 జౌళ్లా, 4.184 జౌళ్లా అన్న సందేహంతో తల బద్దలు కొట్టుకోకండి. మూడు లక్షల మీద కూడా పావు కిలోవాట్ తేడా రాదు. పాత యంత్రాల ప్లేటు మీద ఇంగ్లిషు పెద్ద ‘సి’తో కేలరీ అని ఉంటే మాత్రం అది కిలో కేలరీయే. చిన్న ‘సి’ ఉండి, ముందు ‘కె’ లేకపోతే అడిగి తేల్చుకోండి, అక్కడ తేడా వెయ్యి రెట్లు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఫర్నేస్ మీద రాసిన వేడి, ఊక మండితే పుట్టే వేడా, డ్రయ్యర్‌కి అందే వేడా? ఆ కొటేషన్‌లో ఈ మాట లేదు, ఊక లెక్క ఉంది కాబట్టి దాన్నే పట్టుకుందాం. ఆరిన ఊక కేజీకి సుమారు 3,200 కిలో కేలరీలు ఇస్తుంది. హీట్ ఎక్స్‌ఛేంజర్ (పొగ కలవకుండా గాలికి వేడి అందించే భాగం) ఉన్న ఫర్నేస్‌లో అందులో 75 శాతం గాలికి ఎక్కుతుందనుకుంటే, కేజీకి మనకు దక్కేది 2,400. డ్రయ్యర్‌కి నిజంగా 350 కిలోవాట్లు ఇవ్వాలంటే 3,01,000ని 2,400తో భాగించాలి, గంటకు 125 కేజీల ఊక కావాలి. వాళ్లు రాసింది 95. అదే 3,01,000ని 3,200తో భాగిస్తే 94 వస్తుంది. అంటే ఆ 350 కిలోవాట్లు పొయ్యిలో పుట్టే వేడి. అందులో గాలికి చేరేది 2,25,750 కిలో కేలరీలే. మీకు కావాల్సిన 2,52,000కి ఇంకా 26,250 తక్కువ.

మొదటి కొటేషన్ వాళ్లనీ ఊక ఎంతో అడగండి. 125 కేజీల దగ్గర చెబితే మూడు లక్షలూ డ్రయ్యర్‌కి అందే వేడే. 95 అంటే అదీ రెండో దానిలాంటిదే. ఊక తడిగా ఉంటే కేజీకి వచ్చే వేడి పడిపోతుంది, వర్షాకాలంలో బయట కుప్ప పోసిన ఊకతో ఈ లెక్క చూడొద్దు.

ఆ 70 కూడా ఎంతవరకు నమ్మాలో చూద్దాం. గాలి కేజీని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.24 కిలో కేలరీ పడుతుంది. బయట 30 డిగ్రీలు, డ్రయ్యర్‌లోకి 80 డిగ్రీలు అనుకుంటే 50 డిగ్రీలు పెంచాలి, అంటే కేజీకి 12 కిలో కేలరీలు. 2,52,000ని 12తో భాగిస్తే గంటకు 21,000 కేజీల గాలి. బ్లోయర్ చల్లటి గాలి వైపు ఉంటే అది 18,000 ఘనపు మీటర్లు, అంటే సుమారు 10,600 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). అదే బ్లోయర్ ఫర్నేస్ తర్వాత, వేడి గాలి వైపు ఉంటే 21,000 ఘనపు మీటర్లు లాగాలి, ఎందుకంటే 80 డిగ్రీల దగ్గర గాలి ఘనపు మీటరుకి ఒక కేజీయే తూగుతుంది. మీ బ్లోయర్ ప్లేటు మీద సీఎఫ్ఎం చూసి, ఎటువైపు బిగించారో చూసి సరిపోల్చుకోండి.

ఇందులో మన జిల్లావాళ్లు మరిచిపోకూడనిది ఒకటుంది. ఖరీఫ్ ధాన్యం మిల్లుకి చేరేది చలికాలంలో. డిసెంబరు తెల్లవారుజామున బయట 20 డిగ్రీలుంటే, అదే గాలిని 60 డిగ్రీలు పెంచాలి. 21,000ని 0.24తో, 60తో గుణిస్తే 3,02,400 కిలో కేలరీలు. అంటే పాత పేపర్లోని 70 పగటి లెక్క. రాత్రి షిఫ్టులో 80 డిగ్రీలు ఎక్కడంలేదని ఊక ఇంకా ఇంకా తోస్తారు. గాలి చాలక అది సగం మండి నల్ల బూడిదగా దిగుతుంది, వేడి మాత్రం పెరగదు. అందుకే ఫర్నేస్ డ్రయ్యర్‌కి 3,50,000 కిలో కేలరీలు, అంటే 407 కిలోవాట్లు ఇచ్చేలా తీసుకోండి. ఫర్నేస్‌కి, డ్రయ్యర్‌కి మధ్య డక్ట్ పొడుగ్గా ఉంటే దానికి ఇన్సులేషన్ తప్పనిసరి, లేకపోతే ఆ అదనం దారిలోనే పోతుంది.

ఆర్డరు కాగితం మీద ‘350 కిలోవాట్లు’ అన్న ఒక్క అంకెకి ఒప్పుకోవద్దు. ఇలా రాయించుకోండి: బయటి గాలి 20 డిగ్రీలు, డ్రయ్యర్ మూతి దగ్గర 80 డిగ్రీలు, గాలి గంటకు 21,000 కేజీలు, ఊక తేమ ఇంత శాతం, ఊక గంటకు ఇన్ని కేజీలు. బిగించాక డ్రయ్యర్ మూతి దగ్గర థర్మామీటర్ పెట్టి, ఊక కాటా వేసి, రెండు గంటలు నడిపి చూశాకే చివరి వాయిదా ఇవ్వండి.