ఒట్టు వేయకు తల్లీ

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లీ,

విజయవాడలో లెక్కల టీచరు ఉద్యోగం మానేసి బడి కౌన్సెలర్‌వి కాబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్లకు ఇంత మంచి ఆలోచన వచ్చిందని పొంగిపోయాను. రాత్రి మాత్రం కంటి మీద కునుకు లేదు.

దరఖాస్తులు, నకళ్లు నీకు చెప్పాల్సిన పని లేదు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే వదలకు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల కౌన్సెలింగ్ డిప్లొమాలో పనిచేస్తున్న టీచర్లకు చోటుంది. ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి తరగతులు, మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. మనకు దగ్గర మైసూరు కేంద్రం. నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెడతామనే వాళ్ల జోలికి వెళ్లావో, నేనే వచ్చి చెవి మెలిపెడతాను. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. మంచిదే. కానీ ఆ తొందరలో ఎవరిని పడితే వారిని ఆ కుర్చీలో కూర్చోబెడతారేమోనని నా దిగులు.

ఎందుకంటే అలా కూర్చున్నదాన్ని నేనే. 1998లో మా హెడ్మాస్టరు, ‘మీరు పిల్లలతో బాగా మాట్లాడతారు, ఇదీ చూడండి’ అన్నారు. శిక్షణ లేదు. ఒకరోజు మధ్యాహ్నం పదో తరగతి అమ్మాయి వచ్చి నిలబడింది. నోటుపుస్తకం మీది లేబుల్‌ను గోటితో సన్నగా చీలుస్తోంది. ‘ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి మేడమ్’ అంది. దాని తల మీద చేయి పెట్టి ఒట్టు వేశాను. అప్పుడు చెప్పింది, బతకాలనిపించడం లేదని. నాకు కాళ్లు వణికాయి. సాయంత్రానికల్లా తండ్రిని పిలిపించి, వరండాలో దాని ఎదురుగానే అంతా చెప్పేశాను. ఆయన మాట్లాడకుండా సంచీ అందుకుని నడిచారు. అది ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. మర్నాటి నుంచి ఏమడిగినా ‘ఏమీ లేదు మేడమ్’. నేను ఎదురైతే చాలు, అటు వరండాలోంచి వెళ్లేది. పరీక్ష పాసైంది. నాతో మళ్లీ నోరు విప్పలేదు.

తండ్రికి చెప్పడం తప్పు కాదమ్మా. ఒట్టు వేయడం తప్పు. ఆ పిల్లకు ముందుగా చెప్పకుండా తండ్రికి చెప్పేయడం తప్పు. ‘నీ ప్రాణానికి ముప్పున్నా, నిన్నెవరైనా బాధపెడుతున్నా నేను చెప్పక తప్పదు, ముందు నీతో చెప్పే చెబుతాను’ అని మొదటి రోజే అనాలి. లైంగిక వేధింపుల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఇవి నాకు ఎవరూ నేర్పలేదు.

మానసిక వ్యాధులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంది. ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం తెచ్చిన 2021 చట్టంలో కొన్ని రకాల కౌన్సెలర్లను చేర్చారు గాని, బడి కౌన్సెలర్ అన్న పేరు విడిగా లేదు. నీలాంటి టీచర్లు ఈ వృత్తిలోకి రావడానికి దారి వేయాల్సిందే. అయితే అనుభవం గలవారి పర్యవేక్షణలో కొంతకాలం పనిచేయనిదే ఎవరికీ లైసెన్సు ఇవ్వకూడదు. నీకు తెలిసిన పెద్దలందరితో ఇదే మాట అను.

మనసు బాగాలేనివారికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 నీ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు. భోజనం మానకు. మైసూరులో చలి ఉంటుంది, మీ అమ్మమ్మ బొంత ఉతికి ఆరేశాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ