అధికార పార్టీ లెక్కలు ఆర్టీఐ కింద అడగొచ్చా?

ప్రభుత్వ లెక్కలు అడగొచ్చు గానీ, అధికార పార్టీ లెక్కలు అడిగితే ఆచరణలో జవాబు రాదు. "పారదర్శకత లేని ప్రభుత్వం" అని ప్రతిపక్షం విరుచుకుపడినప్పుడల్లా ఈ రెండూ కలగాపులగం అవుతుంటాయి.

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) వర్తించేది ప్రభుత్వ సంస్థలకు, ప్రభుత్వ సొమ్ముతో చెప్పుకోదగ్గ మేరకు నడిచే సంస్థలకు. చవగ్గా దక్కిన భూములు, పన్ను మినహాయింపుల వల్ల ఆరు జాతీయ పార్టీలు కూడా ఈ పరిధిలోకే వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్ 3న తేల్చింది. ఏ పార్టీ దాన్ని అమలు చేయలేదు. అమలు చేయించే అధికారం తమకు లేదని 2015లో కమిషనే చేతులెత్తేసింది!

ఉదాహరణకు, ఒక రోడ్డు కాంట్రాక్టు ఎవరికి ఇచ్చారో, టెండరు ఫైల్లో ఏ అధికారి ఏం రాశారో సంబంధిత శాఖను అడగొచ్చు. అదే కాంట్రాక్టరు పార్టీకి ఎంత ఇచ్చాడని పార్టీ ఆఫీసుకు దరఖాస్తు పెడితే అది చెత్తబుట్టకే. 20,000 రూపాయలు దాటిన విరాళాల వివరాలు మాత్రం పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. అవి సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి.

అధికారంలో ఉన్నవాళ్లే దాస్తున్నారన్నది చాలామంది అపోహ. ఆ ఆరింటిలో బీజేపీ, కాంగ్రెస్, బీఎస్పీ, ఎన్సీపీ, సీపీఐ, సీపీఎం అన్నీ ఉన్నాయి. మిగతా విషయాల్లో కొట్టుకున్నా, ఇక్కడ మాత్రం అందరిదీ ఒకే మాట.