హీబ్రూ పాటకు సూఫీ వరుస కట్టేటప్పుడు

చి. మాధవికి బాబాయి ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితురాళ్లు నలుగురూ 'అదోన్ ఓలామ్' అనే హీబ్రూ ప్రార్థనగీతాన్ని సూఫీ వరుసలో పాడబోతున్నామని రాశావు. చాలా సంతోషం. 'ఫ్యూజన్' అన్న మాట మాత్రం పక్కన పెట్టమ్మా. టర్కీలోని ఎదిర్నేలో మఫ్తిరీం అనే యూదు గాయకులు శనివారం పొద్దున్నే సినగాగులో, అంటే తమ ప్రార్థనాలయంలో, ఇలాగే పాడేవారు. మాటలు హీబ్రూ. రాగతాళాలు మాత్రం మెవ్లెవీ దర్వీషుల (రూమీ బాటలో నడిచే సూఫీల) మఠాల్లో వినిపించేవి: రాగం లాంటిది మకామ్, తాళం లాంటిది ఉసూల్. దర్వీషులు సినగాగుకు వచ్చి వినేవారు, యూదు గాయకులు మఠానికి వెళ్లి వినేవారు. వాళ్లు రెండు సంగీతాలను కలిపి కొత్తది చెయ్యలేదు, ఉన్న ఒకే సంగీతాన్ని ఇద్దరూ పాడుకున్నారు. అందుకని ముందు ఛందస్సు, తర్వాత తాళం, ఆ తర్వాతే స్వరం పట్టుకోండి.

గణాలు తెలిసినదానివి కాబట్టి ఛందస్సు నీకు తేలికే. ప్రతి అరపాదంలో ఒక లఘువు, మూడు గురువులు రెండుసార్లు వస్తాయి: అ-దోన్-ఓ-లామ్, అ-షెర్-మా-లాఖ్. యగణం మీద ఇంకో గురువు అనుకో. ఉర్దూ గజళ్లలో 'మఫాఈలున్' అంటారే, అచ్చంగా అదే. పదో శతాబ్దంలో స్పెయిన్‌లో దునాష్ బెన్ లబ్రాత్ అనే యూదు కవి అరబ్బీ ఛందస్సును హీబ్రూలోకి తెచ్చాడు. సూఫీ వరుస ఈ మాటల మీద అతికినట్టు కూర్చోవడానికి కారణం అదే. మనవాళ్లు 'ఆదోన్' అని మొదటి అక్షరాన్ని సాగదీస్తారు. అక్కడ లఘువు పోయిందా, పాట మొత్తం కుంటుతుంది. తర్వాతి అరపాదం బె-తె-రెమ్-కోల్, యె-త్సీర్-నివ్-రా. ఇందులో 'యె'ను మింగెయ్యకండి. 'తె' మన చెవికి హ్రస్వంలా వినిపించినా ఈ ఛందంలో గురువే, దానికి రెండు మాత్రలూ ఇవ్వాలి. 'మాలాఖ్' చివర 'ఖుదా'లో పలికే ఖ రావాలి.

ఇక మాత్రలు లెక్కపెట్టు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున ఒక్కో నాలుగక్షరాల ముక్కకు ఏడు. మన మిశ్రచాపు తాళమే! టర్కీలో ఏడు మాత్రల ఉసూల్‌ను 'దెవ్రి హిందీ' అంటారు, విడుపు 3+2+2. ఆ పేరులోనే హిందూదేశం ఉంది, చూశావా. రెండు ఆవృత్తాలకు ఒక అరపాదం, ఊపిరి అక్కడే. పాదం మొత్తం 28 మాత్రలు కాబట్టి 'దెవ్రి కెబీర్' అనే ఉసూల్‌కు కూడా సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. దానికీ 28 మాత్రలే గానీ నడక చాలా నెమ్మది, ఒక్కో అక్షరం ఎన్నో దెబ్బల మీద పరుచుకుంటుంది, కొత్తవాళ్ల నోట మాట కరిగిపోతుంది. మొదటి వారం అసలు వరుసే వద్దు. కుడి చేత్తో కుడి మోకాలి మీద 'దూమ్', ఎడమ చేత్తో ఎడమ మోకాలి మీద 'తెక్' కొడుతూ, ఏడు మాత్రలు నాలుగు సెకన్లలో పడేలా, రోజూ ఇరవై నిమిషాలు మాటలే చెప్పండి.

ఎక్కువ పొరపాట్లు స్వరం దగ్గరే జరుగుతాయి. టర్కీ లెక్కలో ఒక పూర్తి స్వరాంతరానికి తొమ్మిది కోమాలు. ఉష్షాక్ మకామ్‌లో రిషభం పుస్తకం ప్రకారం షడ్జం నుంచి ఎనిమిది కోమాల మీద ఉండాలి, గాయకులు ఇంకా కిందికే పాడతారు. అంటే మన చతుశ్రుతి రిషభం కంటే తక్కువ, శుద్ధ రిషభం కంటే ఎక్కువ. హార్మోనియంలో ఆ మెట్టు లేదు. ఖవ్వాలీలో ఉంటుంది కదా అని హార్మోనియం పెట్టారంటే మకామ్ అక్కడే చచ్చిపోతుంది. హార్మోనియం తప్పదంటే హిజాజ్ మకామ్ ఎంచుకోండి: స, రి1, గ3, మ1, మాయామాళవగౌళ పూర్వాంగమే. గాంధారం కాస్త తేడాగా ఉన్నా చెవి ఓర్చుకుంటుంది. ఉష్షాక్‌కు తంబురా పెడితే పంచమం తీసేసి మధ్యమం శ్రుతి చెయ్యండి. ఆ మకామ్‌లో నిలిచే స్వరం మధ్యమం. హుసేనీ మకామ్‌కు పంచమమే ఉంచాలి. ఈ రెండింటి స్వరాలు దాదాపు ఒకటే, నడకే వేరు: ఉష్షాక్ షడ్జం దగ్గర మొదలై మెల్లగా పైకి లేస్తుంది, హుసేనీ పంచమం చుట్టూ మొదలవుతుంది. ఒకే మేళంలో పుట్టిన రెండు రాగాలను విడిగా పట్టుకున్నట్టే పట్టుకోవాలి. రిషభం మీద మన గమకం ఊపవద్దు. అందరిదీ ఒకే గొంతు కావాలి, కింద ఇంకో స్వరం చేర్చి హార్మనీ కట్టవద్దు.

1587లో సఫేద్‌లో అచ్చయిన తన గీతాల పుస్తకంలో ఇస్రాయెల్ నజారా అనే హీబ్రూ కవి ఒక్కో గీతం పైన అది ఏ టర్కీ, అరబ్బీ పాట వరుసలో పాడాలో రాశాడు. మీరూ కార్యక్రమ పత్రంలో వరుస ఎక్కడిదో రాయండి. 'అల్లాహ్' నామస్మరణ ఉన్న ముక్కను పల్లవిలా వాడుకోవద్దు, అది సూఫీలకు జిక్ర్, అంటే దైవస్మరణ. విశ్రాంతి దినమైన శనివారం సంప్రదాయ సినగాగుల్లో వాద్యాలు ఉండవు కాబట్టి మొదటి రెండు పాదాలైనా ఒట్టి గొంతుతో పాడండి.

చివరి పాదంలో దేవుడి నామం వస్తుంది: 'అదోనాయ్ లీ'. సాధనలో యూదులు ఆ నామాన్ని పలకరు. దాని బదులు 'హషేమ్' ('ఆ నామం') అని పలికితే ఒక అక్షరం తగ్గి తాళం విరుగుతుంది. 'అదోషేమ్ లీ' అనండి, లఘుగురువులు అలాగే నిలుస్తాయి. హీబ్రూ లిపిలో ఆ నామం ఉన్న కాగితాలు చెత్తబుట్టలో వెయ్యకూడదు, పని అయ్యాక నేలలో పాతిపెట్టండి.

మీ బాబాయి