కాలి కండరానికి సిగ్నల్ రాకపోతే

తమ్ముడూ, గుంటూరులో మీ ల్యాబ్‌లో మాగ్నెటిక్ స్టిమ్యులేషన్‌కి (తల మీద పెట్టిన కాయిల్‌తో మెదడుకి అయస్కాంత పల్స్ ఇవ్వడానికి) చేతి కండరం చక్కగా స్పందిస్తోందనీ, పాదాన్ని పైకెత్తే టిబియాలిస్ యాంటీరియర్‌కి మాత్రం పవర్ ఎంత పెంచినా స్క్రీన్ మీద కండరం సిగ్నల్ చూపే గీత కదలట్లేదనీ రాశావు. టెన్షన్ పడకు, చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది.

మెదడులో చేతిని నడిపే భాగం పైపైనే ఉంటుంది. కాలిది నడినెత్తి కింద, రెండు అర్ధగోళాల మధ్య చీలికలోకి దిగి ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారపు కాయిల్ బలం అంత లోతుకు వెళ్లేలోపే తగ్గిపోతుంది. డబుల్ కోన్ కాయిల్ దొరికితే అదే వాడు. దాని రెండు రెక్కలూ వంగి తలను పట్టుకున్నట్టు కూర్చుంటాయి. నడినెత్తి దగ్గర మొదలుపెట్టి సెంటీమీటరు చొప్పున జరుపుతూ వెతుకు.

ఇంకోటి, ఇది తప్పకుండా చెయ్యి: పరీక్ష చేయించుకునే మనిషిని పాదాన్ని పూర్తి బలంలో పదో వంతుతో పైకి లేపి ఉంచమను. విజయవాడలో ఒక పెద్దాయనకి అరగంట ప్రయత్నించాను, గీత తిన్నగానే ఉంది. ఆయన కాలి బొటనవేలు కాస్త పైకెత్తగానే స్క్రీన్ మీద అల లేచింది. పల్స్ ఇచ్చిన సుమారు 30 మిల్లీసెకన్ల దగ్గర చూడు, చేతికి చూసినట్టు 20 దగ్గర కాదు.

పవర్ పెంచే ముందు మాత్రం ఫిట్స్, పేస్‌మేకర్, తలలో లోహపు క్లిప్పుల గురించి మళ్లీ అడుగు.