ఫొటోలో ఉన్న కొండలు మాకెందుకు కనిపించలేదు?

ప్రశ్న: ఎంతో ఆశగా జాతీయ పార్కులో వ్యూపాయింట్ దాకా ఎక్కాం. ఫొటోల్లో వరసలు వరసలుగా ఉండే కొండలు మాకు మాత్రం తెల్లటి తెర వెనక మాయమయ్యాయి. మధ్యాహ్నం రెండు గంటలు, మాడే ఎండ. గైడేమో పొగమంచు అన్నాడు. నిజమేనా?

జవాబు: నాకైతే నమ్మబుద్ధి కావడం లేదండీ. పొగమంచంటే సన్నటి నీటి తుంపరే కాబట్టి పొద్దెక్కేకొద్దీ విడిపోతుంది, మాడే ఎండలో నిలవదు. మీరు చూసింది చాలావరకు కాలుష్యమే అయి ఉంటుంది (దుమ్మో, కార్చిచ్చు పొగో కూడా కావచ్చు లెండి). చుట్టుపక్కల ఒక్క పొగగొట్టం కూడా లేదే అంటారా? బొగ్గు కరెంటు ప్లాంట్లు వదిలే సల్ఫర్ డయాక్సైడ్ గాలితోపాటు వందల కిలోమీటర్లు పోతూ దారిలోనే సల్ఫేట్ రేణువులుగా మారుతుంది. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవైన ఈ రేణువులు వెలుతురును చెదరగొట్టడంలో మహా ఘటికులు, పైగా గాలిలో తేమ ఉంటే దాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే అంతే కాలుష్యం ఉక్కపోత రోజున మరింత చిక్కగా కనిపిస్తుంది.

అలాగని దూరపు కొండ నీలంగా కనిపిస్తే కంగారు పడకండి. శుభ్రమైన గాలి కూడా నీలం వెలుతురునే ఎక్కువ చెదరగొడుతుంది. అమెరికాలో గ్రేట్ స్మోకీ పర్వతాలకు ఆ పేరు తెచ్చిన నీలి మసక చెట్లు వదిలే ఆవిర్ల చలవే. ఆ నీలం పోయి తెలుపో బూడిద రంగో కమ్మితే అనుమానించాలి, గోధుమ ఛాయ కూడా తగిలితే నైట్రోజన్ డయాక్సైడ్ (వాహనాల పొగలాంటి వాటి నుంచి వచ్చే గోధుమ రంగు వాయువు) చెయ్యి ఉండొచ్చు.

ఈ చూపు సంగతిని, అంటే గాలిలో ఎంత దూరం స్పష్టంగా కనిపిస్తుందన్న దాన్ని, అమెరికా 1977లోనే చట్టంలోకి ఎక్కించింది. 1999లో తెచ్చిన నిబంధన ప్రకారం 156 పార్కులు, అడవుల్లో 2064 కల్లా ఈ చూపు సహజ స్థితికి రావాలన్నది లక్ష్యం. అంత దూరపు గడువేమిటని నవ్వొస్తుంది కానీ, సల్ఫర్ తగ్గేకొద్దీ తూర్పు వైపు పార్కుల్లో చూపు బాగా మెరుగుపడిన మాట నిజం. పశ్చిమాన మాత్రం ఇప్పుడు కార్చిచ్చుల పొగ ఆ లాభాన్ని తినేస్తోంది.

మళ్లీ వెళ్తే గట్టి వాన వెలిసిన మర్నాడు వెళ్లండి, ఎండ వీపు మీద పడేలా నిలబడి చూడండి. కిటికీలోంచి పడే ఎండ చారలో దుమ్ము, వెలుతురుకు ఎదురుగా చూసినప్పుడే కదా బాగా మెరిసేది, కొండ మీదా అంతే.