రీలు కెమెరా పట్టుకుంటానన్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

ఫిల్మ్ రీలు కెమెరాతో ఫోటోలు తీద్దామనుకుంటున్నా మావయ్యా, ఎలా మొదలుపెట్టాలి అని నువ్వు మెసేజ్ పెట్టి వారమైంది. ఫోన్లో చెప్తే సగం ఇటు విని అటు వదిలేస్తావని కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

క్వాలిటీ కోసమైతే మాత్రం వద్దురా. రాత్రిపూట నీ ఫోను తీసినంత శుభ్రంగా 400 స్పీడు రీలు (వెలుతురుని ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె అది) తియ్యలేదు, దాని మీద వాదించే ఓపిక నాకు లేదు. మరి ఇన్నేళ్ళైనా నేనెందుకు వదల్లేదంటే, ఇందులో ఫోటోని రెండుసార్లు చూస్తాం, నొక్కేటప్పుడు ఒకసారి, మళ్ళీ ఏ నెలకో స్కానర్ మీద పెట్టినప్పుడు ఇంకోసారి, ఈ మధ్యలో ఏం తీశామో శుభ్రంగా మర్చిపోతాం చూడు, ఆ మర్చిపోవడంలోనే ఉంది మజా అంతా. అందుకే స్కానింగ్ ఎవరికీ అప్పజెప్పకు, నువ్వే చేసుకో.

కెమెరా ఖరీదైంది కొనకు. సినిమా రీలునే అడ్డంగా వాడి చిన్న కెమెరా చేద్దామని ఆస్కర్ బార్నాక్ అనే ఆయనకి తట్టింది, 1925లో అది లైకా పేరుతో అమ్మకానికొచ్చింది, అప్పట్నుంచీ ఫ్రేము 24 బై 36 మిల్లీమీటర్లే, ఇప్పటికీ అంతే. డబ్బా లోపలికి వెలుతురు దూరకుండా ఉండి షట్టర్ సరిగ్గా పడితే చాలు, మిగతా పని లెన్సూ రీలూ చూసుకుంటాయి.

లోడ్ చేసేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక ఫ్రెండు పెళ్ళికి తీశా, రీలుకి 36 ఫోటోలే, కానీ కౌంటర్ 36 దాటింది, 38 అయింది, 40 అయింది, ఇంకా తిరుగుతూనే ఉంది, ఆహా ఈ రీల్లో ఎక్కువ పెట్టినట్టున్నారే అని సంబరపడ్డా కూడా! తీరా చూస్తే రీలు కొస అవతలి స్పూలుకి పట్టుకోనేలేదు, ఒక్క ఫ్రేమూ కదల్లేదు. ఆ ఫ్రెండు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. కాబట్టి మూత వేశాక రివైండ్ నాబ్‌ని కాస్త తిప్పి వదులు లేకుండా బిగించు, తర్వాత లివర్ లాగిన ప్రతిసారీ ఆ నాబ్ తనంతట తను తిరుగుతోందా లేదా చూడు. తిరిగితే రీలు నడుస్తున్నట్టే.

వెలుతురు కొలిచే మీటర్ పాడైనా కంగారుపడకు, మంచి ఎండలో లెన్సు కన్నాన్ని ఎఫ్ 16 దగ్గర పెట్టి షట్టర్‌ని రీలు స్పీడుకి దగ్గర అంకెలో పెట్టు, 400 రీలైతే సెకనులో 1/500 వంతు అన్నమాట. కలర్ నెగెటివ్ ఒకటి రెండు స్టాపులు (ఒక స్టాపంటే రెట్టింపు) వెలుతురు ఎక్కువైనా భరిస్తుంది, తక్కువైతేనే నీడలన్నీ బురదలా వస్తాయి. స్లైడ్ రీలు, అంటే నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది, దీనికి పూర్తిగా రివర్స్, దాని జోలికి ఇప్పుడే పోకు.

తీసిన రీలుని మందుల్లో కడగడం ఇంట్లో చెయ్యాలనుంటే బ్లాక్ అండ్ వైట్‌తో మొదలెట్టు, 20 డిగ్రీల దగ్గర తీరిగ్గా చేసుకోవచ్చు. కలర్‌కి 38 డిగ్రీలు కదలకుండా పట్టుకోవాలి, అందుకే అది ల్యాబ్‌కి ఇచ్చెయ్, కానీ నెగెటివ్‌లు వెనక్కి కావాలని ముందే గట్టిగా చెప్పు. ఒకసారి ఒక ల్యాబ్ వాళ్ళు జేపెగ్‌లు మెయిల్ చేసి నెగెటివ్‌లు చెత్తలో వేసేశారు, అడిగితే అవెందుకు సార్ అన్నారు, ఏం చెప్తాం!

ఇక స్కానింగ్. స్ట్రిప్పులు చుట్టుకుపోతే రెండ్రోజులు లావు పుస్తకం కింద పెట్టు. మెరిసే వైపు వేరు, మెరుపు లేకుండా మసగ్గా కనపడే వైపు వేరు, రెండోదే బొమ్మ ఉండే పొర, దాన్ని ముట్టుకోకు. ఫిల్మ్ నేరుగా స్కానర్ గాజుకి ఆనితే రంగురంగుల రింగులు పడతాయి, హోల్డర్ ఇచ్చేది అందుకే. దుమ్ము బ్లోయర్‌తో ఊదు, నోటితో ఊదితే తుంపర్లు పడి మరకలవుతాయి (నేను పడేశాను). స్కానర్ డబ్బా మీద అంగుళానికి 6400 చుక్కలని రాసున్నా నమ్మకు, 2400 దగ్గర నిజంగా డీటెయిల్ వచ్చినా సుమారు 77 లక్షల పిక్సెల్స్, మంచి ప్రింటుకి అది చాలు. దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ కలర్‌కి బాగా పనిచేస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌కి మాత్రం ఆపెయ్, అందులో ఉండే వెండి ఆ కిరణాలని అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. కలర్ నెగెటివ్ నారింజ రంగులో ఉందేంటని భయపడకు, అలాగే ఉంటుంది, స్కాన్‌లో రంగులు తిరగేసి అసలు బొమ్మ చేసినప్పుడు నీలం కొడితే ఓపిగ్గా సరిచెయ్.

అన్నిటికన్నా ముఖ్యం, బాగున్నవే ఏరి స్కాన్ చెయ్యకు, అన్నీ చెయ్. మేం అప్పట్లో మంచివే ప్రింట్ వేయించేవాళ్ళం. మీ అమ్మమ్మ నీకు ఆల్బమ్‌లో ఎలా గుర్తు, పాస్‌పోర్టు ఫోటోలా బిగుసుకుని, అవునా? పోయినేడాది పాత స్ట్రిప్పు ఒకటి పెట్టా, నెగెటివ్‌లో మొహం నల్లగా జుట్టు తెల్లగా ఏమీ తెలీలేదు, ప్రివ్యూ కొట్టి తిరగేస్తే 23వ ఫ్రేములో అమ్మ, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వుతోంది, చెయ్యంతా కదిలిపోయింది, కళ్ళు మూసుకుపోయాయి. షేక్ అయిందని అప్పుడు నేనే పక్కన పెట్టేసుంటా. ఆ రోజు ఇంక మిగతా స్ట్రిప్పులు ముట్టుకోలేదు. నీకు పంపుతాలే, మీ అమ్మకి ముందు చూపించకు, నేనే చూపిస్తా.

నా పాత కెమెరా అల్మారాలో ఖాళీగానే ఉంది, వచ్చి పట్టుకుపో. వెనక తలుపు చుట్టూ ఉండే నల్ల స్పాంజి వేలికి జిగురుగా అంటుకుంటోంది, రీలు వేసే ముందు అది మార్చుకో, లేకపోతే ప్రతి ఫ్రేముకీ పక్కన ఎర్రటి చార పడుతుంది.

మీ మావయ్య